వరఖు గల్లీలో బాపు క్లోజప్

ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను సినిమా తీసి పరువు పోగొట్టుకున్న కథ. సినిమా బాగా రాక పరువు పోయినవాళ్లు చాలామంది ఉంటారు. నా పరువు మాత్రం సినిమా మరీ బాగా వచ్చినందుకు పోయింది. పెద్ద తెర మీద, ఎంతో దగ్గరగా, ఒక్కొక్క పెదవి కదలికా తేటగా కనిపించేలా వచ్చింది. ఆ రోజు ఫోకస్ కాస్త తప్పి ఉంటే ఇప్పటికీ మా గల్లీలో నేను తలెత్తుకుని తిరుగుతుండేవాణ్ణి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయిపోయి రెండేళ్లు దాటింది. ఇంట్లో నా హోదా 'సర్కారు పరీక్షకు చదువుకుంటున్న పిల్లగాడు'. ఈ హోదాలో ఎన్ని సౌకర్యాలో అనుభవించినవాడికే తెలుస్తుంది. పొద్దున తొమ్మిదింటిదాకా పడుకుంటే, పాపం రాత్రంతా చదివాడేమో అనుకుంటారు. గ్యాస్ సిలిండర్ మోయమని పిలవరు. కూరలో మంచి ముక్కలన్నీ వెతికి నా కంచంలోనే వేస్తారు. ఇంత హాయి ఇచ్చే ఉద్యోగాన్ని పరీక్ష పాసై చేజేతులా పోగొట్టుకునే తొందర నాకు లేకపోయిందంటే, మీరైనా అర్థం చేసుకోవాలి.

తొందరంతా మా బాపుకే, అంటే మా నాన్నకే. బాపు పేరు మల్లేశం. నీళ్ల ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చిన్న కొలువు అనుకోకండి. చార్మినార్ వెనక గల్లీల్లో ఏ ఇంటికి ఎప్పుడు నీళ్లు రావాలో నిర్ణయించే వాల్వు కడ్డీ ముప్పై ఏళ్లు ఆయన చేతిలోనే ఉంది. అంత అధికారం చేతిలో ఉన్నా నోట్లోంచి మాట మాత్రం రాదు. సంతోషమైనా, కోపమైనా, కడుపు నొప్పి అయినా ఆయన అనేది ఒక్కటే మాట, "మంచిది." ఏ "మంచిది" ఏ రకమో అమ్మ ఒక్కతే పోల్చుకోగలదు. నా పరీక్ష విషయంలో మాత్రం ఆయన పట్టుదల మాటలతో పనిలేకుండానే కనిపించేది. నేను చదువుకునే గంటల్లో పక్కింటివాళ్ల టీవీ కూడా ఆపించాడు. ఆ గంటల్లో నేను చెవుల్లో వైరు పెట్టుకుని ఫోనులో 'సినిమా తీయడం ఎలా?' అనే వీడియోలు చూస్తుండేవాణ్ణి.

ఆ వీడియోల్లో ఒక గడ్డపాయన సినిమా తీయడంలో ఏడు దశలున్నాయని చెప్పాడు. కరెంట్ అఫైర్స్ రాసుకోవడానికి బాపు కొనిచ్చిన లాంగ్ నోట్‌బుక్‌లో ఆ ఏడింటినీ ఎర్ర సిరాతో రాసుకున్నాను. దేశంలో ఎన్ని రాష్ట్రాలున్నాయో అడిగితే తడుముకునేవాణ్ణి గానీ, స్క్రీన్‌ప్లే తర్వాత ఏమొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

మొదటి దశ కథ. కథ నాకు పది నిమిషాల్లో తట్టింది. ఒక కొడుకుకు సినిమా డైరెక్టర్ కావాలని కల. వాడి తండ్రి ఒప్పుకోడు. కొడుకు డాబా ఎక్కి ఆకాశంతో తన బాధ చెప్పుకుంటాడు. చివరికి తండ్రి కళ్ల నీళ్లు పెట్టుకుని, "నిన్ను క్షమించిన కొడుకా, పో" అంటాడు. ఇంత గొప్ప ఊహ ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడగరు. మీకు అంత మర్యాద ఉందని నాకు తెలుసు.

రెండో దశ బృందం. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం, హీరో అన్నీ నేనే. కెమెరా, ఎడిటింగ్ మా సలీం. సలీం చిన్నప్పటి నుంచి నా దోస్తు, పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. అందువల్ల వాడికి ఒక అలవాటుంది. ఏ మనిషిని తీసినా కెమెరా నెమ్మదిగా వాడి చేతిలోని పళ్లెం మీదికి పోతుంది. రెండో అలవాటు, పావురాలు. వాడి డాబా మీద ముప్పై పావురాలున్నాయి, వాటి మీద ఉన్న ప్రేమ వాడికి ఏ పెళ్లికూతురి మీదా లేదు.

సలీం వాళ్ల డాబా కిందనే వాళ్ల నాన్న ఖాజా చాచా నడిపే వరఖు కార్ఖానా ఉంది. మిఠాయిల మీద, పాన్ల మీద తళతళలాడే వెండి రేకు చూసే ఉంటారు కదా, అదే వరఖు. చిన్న వెండి ముక్కను తోలు పుస్తకం పేజీల మధ్య పెట్టి, సుత్తెతో గంటల తరబడి కొట్టీ కొట్టీ, ఊదితే ఎగిరిపోయేంత పల్చగా చేస్తారు. పదకొండు మంది పనివాళ్లు. పొద్దున ఎనిమిది నుంచి టకటకటక అని అలా కొడుతూనే ఉంటారు. ఒక్క శుక్రవారమే సెలవు. మా మేనత్త యాదమ్మ, అంటే బాపుకు సొంత చెల్లెలు, అక్కడే పనిచేస్తుంది. తయారైన రేకును ఎత్తి కాగితంలో పెట్టడం ఆమె పని. గట్టిగా ఊపిరి వదిలినా రేకు గాల్లో కలిసిపోతుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ సుత్తెల మోతలో అరిచినా వినపడదు. ఊపిరి తగిలితే రేకు నిలవదు. మరి రోజంతా ఒకే చోట కూర్చున్న మనుషులు మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు? చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిలిస్తారు. ఎదుటివాళ్లు ఆ పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. మా యాదమ్మత్త గల్లీకి ఈ చివర నిలబడి ఆ చివర ఇద్దరు ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పేస్తుంది. కార్ఖానాలో ఒక్కపూటా పనికి కూర్చోని నాకూ సలీంకూ మాత్రం ఆ విద్య అబ్బలేదు. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలుసు గానీ, సినిమా తీసేటప్పుడు తట్టలేదు. మీకు ఇప్పుడు తట్టిందంటే అది నేను వరసగా చెప్పడం వల్ల.

మూడో దశ ముహూర్తం. సలీం డైరీ తీశాడు.

"ఈ నెల మొత్తం షాదీలే. ఒక్క ఇత్వార్ ఖాళీ ఉంది, పందొమ్మిది తారీఖు," అన్నాడు.

"పందొమ్మిదా?"

"క్యా హువా? తేరా ఎగ్జామ్ హై నా ఆ రోజు?"

నిజమే. నాలుగు నెలలుగా ఇల్లంతా ఎదురుచూస్తున్న పరీక్ష ఆ ఆదివారమే. నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఒక్క క్షణమే అని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"పరీక్ష మళ్ల వస్తది భాయ్. గిసుంటి ఎండ మళ్ల రాదు," అన్నాను.

"మల్లేశం చాచాకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? నువ్వు చెప్పవ్, నేను చెప్ప. ఇంక పావురాలు చెప్తయా?"

ఆ ఆదివారం అమ్మ పెరుగు, చక్కెర తినిపించింది. బాపు నా జేబులో రెండు పెన్నులు పెట్టి, "ఒకటి ఆగితే ఇంకోటి," అన్నాడు. అది ఆయనకు పెద్ద ప్రసంగం. వాళ్ల కాళ్లకు దండం పెట్టి, గల్లీ మలుపు తిరిగి, వెనక సందులోంచి సలీం డాబా ఎక్కాను.

నాలుగో దశ షూటింగ్. మొదటి షాట్ పెట్టగానే కింద నుంచి సుత్తెల మోత అడ్డొచ్చింది. టకటకటక. సలీం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఆవాజ్ నహీ హోతా భాయ్. నువ్వేం మాట్లాడినా సుత్తెలే పడ్తయ్."

"మరెట్ల?"

"డబ్బింగ్! పెద్ద పెద్ద పిచ్చర్లన్నీ గట్లనే. నువ్వు కుఛ్ భీ బోల్, పెదాలు కదిలితే చాలు. డైలాగులు తర్వాత చెప్దాం."

ఏదో ఒకటి మాట్లాడమంటే ఏం మాట్లాడాలి? నేను రాసుకున్న డైలాగు రెండు పేజీలు, అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. కెమెరా తిరుగుతోంది. ఎండ చక్కగా పడుతోంది. అప్పుడు నా మనసులో నిజంగా ఉన్నదే మొదలుపెట్టాను. వినేవాడు లేడు కదా అనే ధైర్యం.

"ఇయ్యాల పదింటికి పరీక్ష ఉండె. గిప్పుడు పదకొండైంది. నేను పోలే. ఇంటికి పోయి మంచిగ రాసిన అని చెప్త. బాపు నమ్ముతడు. బాపుకు ఏం తెల్వది పాపం..."

చెబుతూ ఉంటే కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. కొంత బాధ, కొంత ఎండ. సలీం బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను కట్ చెప్పేదాకా అదే ధోరణిలో ఆకాశంతో మొత్తం ఒప్పేసుకున్నాను. అంత సుఖంగా అబద్ధం లేకుండా మాట్లాడి నాకు చాలా రోజులైంది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఎట్ల రాసినవ్ బిడ్డా?" అని అడిగింది. మస్తు రాసినన్నాను. అడగకపోయినా నాలుగు ప్రశ్నలు కల్పించి, వాటికి నేను రాసిన జవాబులు కూడా చెప్పాను. అందులో ఒకటి తప్పు రాశానని కాసేపు బాధపడ్డాను కూడా, నమ్మకం కుదరడానికి. బాపు మంచం మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. ఆ రోజు చెప్పులకు దుమ్ము బాగా పట్టినట్టుంది.

"టైముకు చేరినవా?" అని ఒక్కమాట అడిగాడు.

"పావుగంట ముందే చేరిన బాపూ."

"మంచిది," అన్నాడు.

తండ్రి వేషానికి మనిషి కావాలి. గల్లీలో నలుగురిని అడిగాను. ఒకాయన డైలాగు కన్నా ముందు బిర్యానీ ఎప్పుడని అడిగాడు. ఒకాయన ఏడవడానికి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి ఏమైతే అయిందని బాపునే అడిగాను. సలీం సరదాగా తీస్తున్న సినిమా, నాది ఏదో చిన్న సాయం, పరీక్ష అయిపోయింది కదా అని ఖాళీగా ఉన్నా, అని నసిగాను. ఒప్పుకోడనే అనుకున్నాను.

"ఏం చెయ్యాలె?" అన్నాడు బాపు.

"ఏం లేదు బాపూ. కొడుకును చూసి ఏడ్వాలె. ఏడ్చి, 'నిన్ను క్షమించిన కొడుకా, పో' అనాలె. గంతే."

బాపు నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"మంచిది," అన్నాడు.

అదే రోజు అమ్మను అడిగి ఉంటే అది ఏ రకం "మంచిది"యో చెప్పేది. నేను అడగలేదు. నా ఒప్పించే శక్తి మీద నాకే గౌరవం పెరిగి, ఆ సంబరంలో ఉన్నాను.

మూడు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం పెళ్లికి పోయే ముందు సలీంకు గంట టైము దొరికింది. కార్ఖానా బయటి గోడ పక్కన, ఎండ వెలుగు మొహం మీద పడేలా బాపును నిలబెట్టాం. లోపల పదకొండు సుత్తెలు. నేను కెమెరా పక్కన పది అడుగుల దూరంలో నిలబడి, చేతులు ఊపి యాక్షన్ చెప్పాను. కెమెరా నెమ్మదిగా బాపు మొహం మీదికి పోయింది. ఆయన చేతిలో పళ్లెం లేకపోవడం వల్ల అక్కడే ఉండిపోయింది.

బాపు నా వంక చూశాడు. పెదాలు కదిలాయి. నేను ఇచ్చింది ఒక్క లైను, ఆయన ఆగలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. జీవితంలో ఆయన అంతసేపు మాట్లాడడం నేను చూడలేదు. సుత్తెల మోతలో ఒక్క ముక్కా నాకు వినపడలేదు. సగంలో ఆయన కళ్లు నిండాయి. గడ్డం వణికింది. ఒక చుక్క బుగ్గ మీదుగా జారి మీసంలోకి పోయింది. చివర్లో కెమెరా వైపు వేలు చూపించి ఏదో అని, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సలీం కెమెరా వెనక ముక్కు చీదుతున్నాడు.

"క్యా యాక్టింగ్ హై యార్! నీకు ఒక్క పైసంత సుత రాలేదు మీ బాపు నుంచి."

"డైరెక్షన్ భాయ్, అంతా డైరెక్షన్," అన్నాను నేను, కాలర్ సర్దుకుంటూ.

ఐదో దశ ఎడిటింగ్. డాబా మీది సలీం గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఫుటేజీ చూస్తే నావి ఇరవై షాట్లు, పావురాలవి నూట పది. నా డాబా సీను ఆవాజ్ లేకుండా ఆడుతోంది. అప్పుడే యాదమ్మత్త మంచినీళ్ల కుండ నింపుకుందామని పైకొచ్చింది. తెర వంక ఒకసారి చూసింది. కుండ కింద పెట్టింది.

"ఏందిరా నరేషూ, పరీక్షకు పోలేదా నువ్వు?"

"ఎవరు చెప్పిండ్రు అత్తా?"

"ఎవరు చెప్పుడేంది? నువ్వే చెప్తున్నవ్ గద గా డబ్బల. అగో, 'బాపు నమ్ముతడు' అంటున్నవ్. అగో, 'బాపుకు ఏం తెల్వది పాపం' అంటున్నవ్."

సలీం గబుక్కున తెర మీద చెయ్యి అడ్డం పెట్టాడు. నేను అత్త కాళ్ల మీద పడ్డాను. అత్త జుట్టు పట్టి లేపినంత పని చేసింది.

"అత్తా, నీ కాళ్లు మొక్కుత, బాపుకు చెప్పకు."

"నేను చెప్ప. మా అన్న మొఖం జూస్కుంట గా మాట ఎట్ల చెప్పాలె నేను? గని నేనొక్కదాన్నేనా? కింద పదకొండు మంది ఉన్నరు. మొదటి ఆట మా కార్ఖానలనే అని ఖాజా భాయ్ గల్లీ అంత చెప్పిండు గద. వాళ్లకు కండ్లు లేవా బిడ్డా?"

అత్త కుండ ఎత్తుకుని దిగిపోయింది. ఆట రద్దు చేద్దామా అంటే, చాచా అప్పటికే పక్క గల్లీ మిఠాయి షాపువాళ్లను కూడా పిలిచేశాడు. సీను తీసేద్దామా అంటే, హీరోకు ఉన్నదే ఆ ఒక్క సీను, అందులో నా కన్నీళ్లున్నాయి. ప్రాణం పోయినా కన్నీళ్లు వదులుకునే దర్శకుణ్ణి కాను నేను.

"పావురాలు!" అన్నాడు సలీం.

ఆ ఒక్క మాటతో వాడు నన్ను కాపాడాడనుకున్నాను. నేను నోరు తెరిచిన ప్రతిచోటా ఒక పావురం షాటు అతికించాం. "పరీక్ష" దగ్గర తెల్ల పావురం గింజలు తింటుంది. "నేను పోలే" దగ్గర జంట పావురాలు. "బాపు నమ్ముతడు" దగ్గర గుంపంతా లేచి చార్మినార్ వైపు ఎగురుతుంది. మూడు రోజులు కూర్చుని నా మూతి ఎక్కడా కనపడకుండా చేశాం. మూతి లేకుండా చూస్తే నేను కూడా కాస్త అందంగానే ఉన్నానని సలీం అన్నాడు.

బాపు క్లోజప్ మీద మాత్రం పావురం పెట్టలేదు. ఎందుకు పెడతాం? మా సినిమాకు ప్రాణమే ఆ షాటు. ఆయన నేను చెప్పమన్నదే చెప్పాడు కదా, కాస్త ఎక్కువగా.

ఆరో దశ డబ్బింగ్. బాపును పిలిచాను. రానన్నాడు.

"నేను చెప్పేది నేను ఒకపారి చెప్పిన. మళ్ల చెప్ప," అన్నాడు.

గొప్ప నటులకు పంతాలుంటాయని నేనే గొంతు బొంగురు చేసి బాపుకు డబ్బింగ్ చెప్పాను. ఒక్క లైను అంత పొడుగు షాటుకు చాలలేదు. "నిన్ను క్షమించిన కొడుకా, పో. పో బిడ్డా. ఊరు గెలువు. దేశం గెలువు. లోకం గెలువు..." అంటూ పోయాను. బాపు పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. గెలవడానికి ఇంకేమీ దొరక్క సముద్రాలు, పర్వతాలు కూడా కలిపాను.

ఏడో దశ విడుదల. శుక్రవారం మధ్యాహ్నం నమాజు, భోజనాలు అయ్యాక కార్ఖానా షటర్ సగం దించారు. సుత్తెలన్నీ మూల వరసగా పడుకున్నాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం నాకు కొత్తగా అనిపించింది. గోడకు తెల్ల దుప్పటి, సలీం పెళ్లిళ్ల ప్రొజెక్టరు, ముందు వరసలో కుర్చీలు. నటుడు కాబట్టి బాపుకు మధ్య కుర్చీ. పక్కన అమ్మ, చాచా, యాదమ్మత్త. వెనక పనివాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు, మిఠాయి షాపువాళ్లు.

సినిమా మొదలైంది. హీరో డాబా ఎక్కాడు. ఆకాశం వైపు చూశాడు. నోరు తెరిచాడు. పావురం వచ్చింది.

"అరే, హీరో మాట్లాడినప్పుడల్లా కబూతర్ కైకు ఆ రహా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"సింబాలిజం," అన్నాను చీకట్లోంచి, గంభీరంగా.

"హౌ, నల్ల మచ్చలదాన్ని మళ్ల సూపియ్యి భాయ్. మంచి జాతి అది," అని ఇంకొకాయన.

సీను క్షేమంగా గడిచిపోయింది. బాపు కదలకుండా చూస్తున్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇంక భయమే లేదు, ఇప్పుడొచ్చేది బాపు క్లోజప్. కుర్చీలో వెనక్కి వాలి, జనం ఏడుపు వినడానికి చెవులు సిద్ధం చేసుకున్నాను.

బాపు మొహం దుప్పటి అంతా నిండింది. నా బొంగురు గొంతు "నిన్ను క్షమించిన కొడుకా" అంది. వెనక వరసలో ఒకాయన ఫక్కున నవ్వాడు. పక్కాయన నవ్వాడు. పదకొండు మందీ పడీ పడీ నవ్వారు. నా గొంతు లోకం గెలవమంటూ ఉండగానే ఆ నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. తిరిగి చూస్తే ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. యాదమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. చూశారా, నా దర్శకత్వం అనుకున్నాను.

ఖాజా చాచా లేచి నిలబడ్డాడు. "సలీం, ఫిర్ సే దిఖా. ఆవాజ్ బంద్ కర్కే."

సలీం వెనక్కి తిప్పి, ఆవాజ్ ఆపాడు. తెర మీద బాపు పెదాలు కదిలాయి. యాదమ్మత్త వాటి వెంటే పైకి చదవడం మొదలుపెట్టింది.

"'క్షమించుడా? నిన్నా?'" అంది అత్త. "'పరీక్ష పొద్దు హాల్ టికెట్ టీవీ మీద మర్సిపోయినవ్ కొడుకా.'"

నేను కుర్చీలో కిందికి జారాను.

"'పిల్లగాన్ని లోపటికి రానియ్యరు అని, నేను బండి మీద ఎల్బీనగర్ దాటేదాంక ఉరికిన. గేటు కాడ నిలబడ్డ. అందరి పిల్లలొచ్చిండ్రు. నువ్వు రాలే. మీ వోడేడి తాతా అని వాచ్‌మన్ అడిగిండు. ట్రాఫిక్‌ల ఇర్కిండు, ఒక్క అయిదు నిమిషాలు ఆగు బిడ్డా అన్న. గాయన ఆగిండు పాపం. గేటు ఏసిండ్రు. నేను ఇంకో గంట నిలబడ్డ, నువ్వు ఏడన్న పడ్డవో ఏమో అని.'"

అమ్మ బాపు వైపు తిరిగింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నవాడిలా కూర్చున్నాడు.

"'ఇంటికొచ్చి పావుగంట ముందే చేరిన అన్నవ్,'" అంది అత్త. వెనక ఒకాయనకు మళ్లీ నవ్వొచ్చింది, ఆపుకోలేక దగ్గాడు. "'గిప్పుడు నన్ను ఏడ్వుమంటున్నవ్. ఏడుస్తున్న. తీస్కో. మంచిగ తీస్కో. అరే సలీమూ, ఫోకస్ పెట్టు బిడ్డా.'"

తెర నల్లబడింది. దర్శకత్వం నరేష్ అని నా పేరు పెద్ద అక్షరాలతో వచ్చింది. ఆ పేరును అంత అసహ్యంగా నేను ఎప్పుడూ చూడలేదు. షటర్ కింద నుంచి పాకి బయటపడదామనుకుని, మళ్లీ మానుకున్నాను. తల వంచుకుని బాపు కుర్చీ ముందు నిలబడ్డాను.

ఖాజా చాచా బాపు భుజం మీద చెయ్యి వేశాడు. "మాఫ్ కరో మల్లేశం భాయ్. మీరు గంత చెప్తుంటే, మా సుత్తెల లొల్లికి పిల్లగానికి వినపడలే."

"అట్లెందుకంటవ్ ఖాజా భాయ్," అన్నాడు బాపు. "సుత్తెలుండవట్టే చెప్పగలిగిన."

ఎవరూ వినరనే ధైర్యంతో నేను ఒక అబద్ధాన్ని ఒప్పుకున్నాను. అదే ధైర్యంతో ఆయన తన బాధ చెప్పుకున్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పదకొండు సుత్తెలు కావాల్సి వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. ఈసారి అందులో ఎండ లేదు.

"తప్పైంది బాపూ. ఇంకోపారి రాస్త. నిజంగ రాస్త."

బాపు లేచి తువ్వాలు దులిపాడు. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"మంచిది," అన్నాడు.

అమ్మ చటుక్కున నవ్వింది. అది ఏ రకం "మంచిది"యో ఆ నవ్వు చూశాక నాక్కూడా తెలిసింది. దాంతో కార్ఖానా అంతా ఒకటే నవ్వు. మిఠాయి షాపువాళ్లు డబ్బా తెరిచారు. చాచా మొదటి బర్ఫీ బాపు నోట్లో పెట్టి, "హీరో తుమీచ్ భాయ్," అన్నాడు.

ఆ మరుసటి ఏడు పరీక్ష రాశాను. బాపే బండి మీద తీసుకుపోయాడు. నన్ను లోపలికి పంపి, గేటు వేసి, మళ్లీ తీసేదాకా అక్కడే నిలబడ్డాడు. నా మీద నమ్మకం లేక కాదు, వాచ్‌మన్‌కు తన కొడుకును చూపించడానికట. ఆ వాచ్‌మన్ మారిపోయాడని తెలిసి కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ఇప్పుడు నేను ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. సెలవు పెట్టాలంటే నిజమైన కారణమే రాస్తాను, అందువల్ల సెలవు దొరకదు.

సినిమా సంగతా? దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాం. ఇప్పటిదాకా వచ్చిన మెచ్చుకోలు ఒక్కటే, 'పావురాల పెంపకం మీద మంచి డాక్యుమెంటరీ' అని ఎవరో రాశారు. మా గల్లీలో మాత్రం అది ఇప్పటికీ ఆడుతోంది. ఇంటికి చుట్టాలొస్తే చాలు, శుక్రవారం చూసి ఆవాజ్ బంద్ చేసి వేస్తారు, యాదమ్మత్త పక్కన నిలబడి చదువుతుంది. "పావుగంట ముందే" దగ్గరికి రాగానే అందరూ ఒకేసారి నా వైపు తిరుగుతారు. బాపు ప్రతిసారీ ముందు వరసలోనే కూర్చుంటాడు. ఈమధ్య కొత్తగా వచ్చినవాళ్లను, "నటన ఎట్లుంది?" అని కూడా అడుగుతున్నాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ముప్పై పావురాల సాక్షిగా, పదకొండు సుత్తెల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ వరఖు కొట్టే గల్లీలో మా బాపుతో గానీ, మా బాపు గురించి గానీ అబద్ధమాడను. ఒకవేళ తప్పనిసరై ఆడాల్సి వస్తే, ముక్కు మీదికి మాస్కు లాగి మరీ ఆడతాను.